అరవై సెంటీమీటర్ల మంచు

ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషులో నేను మొట్టమొదట చదివిన వాక్యంలో మూడే మాటలు. నో న్యూ స్నో. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుని కూడబలుక్కునేసరికి పొయ్యి మీద టీ పొంగి కిందికి కారిపోయింది. తెల్లవారుజాము అయిదు గంటలు. మలేసియాలో, మా కువాలా సెలంగోర్‌లో అప్పటికే ఉక్కపోస్తోంది. ఫ్యాను కింద కూర్చుని, మెడ మీద చెమట తుడుచుకుంటూ, నేను మంచు సంగతి చదువుతున్నాను.

చదవగానే సంతోషం వేసింది. రాత్రి ఏమీ పడలేదంటే ఇవాళ పిల్లకు పని దొరికినట్టే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు బటాంగ్ బెర్జుంటై తోటలో రబ్బరు చెట్లు గీసిన దాన్ని. ఆ రోజుల్లో లేవగానే మొదట చేసే పని, తలుపు తీసి చెయ్యి బయటికి చాపడం. రాత్రి వాన పడితే చెట్టు బెరడు తడిసి ఉంటుంది. పాలు గిన్నెలోకి జారకుండా బెరడంతా పాకుతాయి. ఆ రోజు పని ఉండదు, పని లేకపోతే కూలి ఉండదు. ఆకాశం నుంచి ఏది పడినా నాకు నష్టమే. అందుకని మా మనవరాలు నిషాకు ఫోన్ చేసి శుభవార్తలా చెప్పాను.

"రాత్రి ఏటీ పడనేదంట గదే! పనికి ఎళ్ళినావా?"

అటువైపు పిల్ల నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "మామ్మా, ఇక్కడ పడితేనే పని లా. పడకపోతే అందరం చేతులు కట్టుకుని కూచుంటాం." మాట చివర లా అనడం మా మలేసియా పిల్లల అలవాటు.

నిషా నా కొడుకు ప్రేమ్‌నాథ్ కూతురు. ఇరవై నాలుగేళ్ళది. న్యూజిలాండ్ దక్షిణపు దీవిలో ఒక చిన్న కొండ మీద పని దొరికి, మే నెలాఖర్న వెళ్ళింది. కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని జనం ఆ కొండ మీద జారడానికి వస్తారట. రాత్రి ఎంత మంచు పడింది, అది ఎలాంటి మంచు, పైన గాలి ఎలా ఉంది అని పొద్దున్నే కొలిచి, ఆ కొండ వాళ్ళ వెబ్‌సైటులో రాయడం మా పిల్ల పని. మా గడియారం కంటే వాళ్ళది నాలుగు గంటలు ముందు. నేను లేచేసరికి అది రాసింది ఫోన్‌లో సిద్ధంగా ఉండేది.

నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు తోటలోని రామాలయం గోడ మీద చందాలిచ్చినవాళ్ళ పేర్లు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు బస్సు బోర్డుల మీద, పాలపిండి డబ్బాల మీద దొరికాయి. నిషాకు తెలుగు అర్థమవుతుంది గాని నాలుగు మాటలయ్యాక దారి తప్పుతుంది. నాకు దాని ఇంగ్లీషు చెవికి అందదు. కానీ కాగితం మీదో ఫోన్ మీదో రాసి ఉంటే నా వేలికి కదలకుండా దొరుకుతుంది. పుట్టినప్పటి నుంచి ఇంట్లో పెరిగిన పిల్ల మాట, అది సముద్రం దాటాక నాకు మొదటిసారి పూర్తిగా అర్థమవసాగింది.

జూన్ రెండో వారంలో అసలు సంగతి తెలిసింది. రాత్రి భోజనాల దగ్గర మా కోడలు రుక్మణి చెప్పింది. కొండ అడుగున అరవై సెంటీమీటర్ల మంచు పేరుకుంటే గాని జనాన్ని పైకి మోసే పెద్ద లిఫ్టు తిప్పరట. జూలై పదో తారీఖు పొద్దుటికి అంత మంచు లేకపోతే కొత్తగా చేరినవాళ్ళలో సగం మందిని ఇళ్ళకు పంపేస్తారట. అందరికంటే చివర చేరింది నిషా.

"ఇప్పుడు ఎంతుంది?" అని అడిగాను.

"పద్దెనిమిది."

ప్రేమ్‌నాథ్ తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ అన్నాడు. "మంచిదే. వచ్చి ఇక్కడి మిల్లు ఆఫీసులో కూకుంటాది. మేనేజరుకి సెప్పి ఉంచినాను."

"మేనేజర్ని అడిగినారు. దాన్ని అడిగినారేటి?" అంది రుక్మణి.

ప్రేమ్‌నాథ్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. వాడు క్లాంగ్ ఫ్యాక్టరీలకు పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సు నడుపుతాడు. కూతురు వెళ్ళే రోజు సామాను తనే ఎయిర్‌పోర్టుకు మోసుకెళ్ళాడు. బరువు తూచే బెల్టు మీద తనే పెట్టాడు. ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు. ఆ తరవాత ఫోన్‌లో కూడా మాట్లాడలేదు. కొండల మీద మంచు కొలవడం కూడా ఒక ఉద్యోగమేనా అని వాడి కోపం. ఆ కోపం అడుగున ఏముందో నాకు తెలుసు, నా కడుపున పుట్టినవాడే గదా.

నా సంగతి చెప్పాలంటే, నాకూ పిల్ల వచ్చేస్తే బాగుండునని ఉంది. పైకి అనలేదంతే. డెబ్భయ్యో సంవత్సరంలో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మా అక్క నూకమ్మ క్లాంగ్ రేవులో ఇండియా వెళ్ళే ఓడ ఎక్కింది. బావకు ఇక్కడ ఉండే కాగితాలు దొరకలేదు. ఓడ కదిలాక కూడా అక్క రెయిలింగు పట్టుకుని నాతో ఏదో చెబుతూనే ఉంది. ఒక్క ముక్క వినిపించలేదు. అదేమిటో ఇంతవరకు నాకు తెలియదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు పెట్టె సర్దినా నా చేతులు చల్లబడతాయి.

ఆ వారంలోనే మా గుడిలో అమ్మవారి పండుగ వచ్చింది. టెంటు కింద అన్నదానం మా ఇంటి వంతు. వాన వస్తే మూడు వందల మంది తడుస్తారు. వాన ఆపడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చీపురు ఈనె ఒకటి తీసి, దానికి ఒక ఎర్రమిరపకాయ, ఒక చిన్న ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి రెబ్బ గుచ్చి, వాకిట్లో నేలలో పాతాలి. ఇంట్లో పుట్టిన పెద్ద ఆడపిల్ల పాతాలి. పండుగ అయిన మర్నాడే, ఆ చేత్తోనే, పీకెయ్యాలి. ఇరుగుపొరుగు మలాయివాళ్ళూ ఇదే చేస్తారు, ఎవరి నుంచి ఎవరు నేర్చారో ఎవరికీ తెలియదు. నిషాకు ఎనిమిదేళ్ళు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పని దానిదే. ఈసారి అది లేదు. నేను పాతాను.

పూలకుండీ పక్కన వంగి, పుల్ల గుచ్చి, "పండుగ అయ్యేదాకా ఇక్కడ పడనీకు తల్లీ" అన్నాను. అక్కడితో ఆగాల్సింది. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ లేస్తూ ఇంకో మాట అనేశాను.

"అక్కడ కూడా."

పండుగ రోజు ఒక్క చుక్క పడలేదు. మర్నాడు నేను పుల్ల పీకలేదు.

ఆ తరవాత రోజూ ఫోన్ తెరవగానే మొదట ఆ అంకె దగ్గరికే వేలు పోనిచ్చేదాన్ని. ఒక రోజు పద్దెనిమిది. ఇంకో రోజూ పద్దెనిమిదే. నా ప్రార్థన ఇంత బాగా పనిచేస్తుందని నేను అనుకోలేదు. పనిచేసినకొద్దీ భయం పెరిగింది, దాంతోపాటు, ఏ విధంగా చెప్పాలో తెలియడం లేదు, హుషారు కూడా పెరిగింది. ఆ వెబ్‌సైటులో రాబోయే పది రోజుల లెక్క ఉంటుంది. రోజుకో నీలం గడి. గడిలో ఎన్ని సెంటీమీటర్లు పడొచ్చో అంకె. కొండకు మూడు వరసలు, శిఖరం, నడుమ, అడుగు. ఇవి కాక ఒక గీత ఉంటుంది. ఆ గీతకు పైన పడేది మంచు, కింద పడేది వాన. వేడెక్కితే గీత పైకి ఎక్కుతుంది, చల్లబడితే దిగుతుంది. నేను ఇదంతా ఒక్కదాన్నే కూర్చుని విప్పుకున్నాను. ఒక మాట తెలియకపోతే రేపటికి వదిలేసేదాన్ని. రేపు అదే మాట ఇంకో చోట కనబడి తన అర్థం తనే చెప్పేది.

పౌడర్ అనే మాట మాత్రం లొంగలేదు. అది ఎప్పుడు వస్తుందా అని అక్కడివాళ్ళంతా ఎదురు చూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

"పౌడరంటే ఏటే?" అని రుక్మణిని అడిగాను.

"మొకానికి రాసుకునేది కాదత్తా, మంచులోనే ఒక రకం. నన్నడగండి సలి సంగతి. రోజూ మైనస్ పద్దెనిమిదిలో నిలబడి సేపలు సర్దుతన్నాను."

నిజమే. రేవు దగ్గరి చేపల కంపెనీలో చల్లగదిలో దాని పని. మర్నాడు సాయంత్రం అది ఐసు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"అత్తా, సెయ్యి పెట్టండి! బేగి, బేగి!"

మూత తీసింది. లోపల తెల్లగా గుప్పెడంత. గదిలో పైపుల మీద పేరుకున్న మంచును తట్ట వెనక్కి తిప్పి గీకి తెచ్చిందట. పైన ఉన్నది అప్పుడే మెత్తబడి ముద్ద కట్టింది. అడుగున ఉన్నది మాత్రం ఇంకా పొడిగా ఉంది. నేను ఊదితే ఎగిరింది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. వేళ్ళు మూస్తే చప్పుడు కూడా లేకుండా తగ్గిపోయింది.

"ఈ పైది తడి మంచు. అంటుకుంటాది. దీనిలో జారితే కాళ్ళు ఇరుగుతాయి," అంది రుక్మణి. "ఆ అడుగుది పౌడరు. బాగా సలి ఉంటేనే వస్తాది. దాని కోసమే నోకమంతా ఎగబడతాది."

"సేప కంపు కొడతంది గదే."

"న్యూజిలాండ్‌లో కొట్టదు లెండి!"

ఇద్దరం వంటింట్లో కూర్చుని అది పూర్తిగా నీళ్ళయ్యేదాకా చూశాం. ఆ నీళ్ళు నేను కుండీలో పోయడానికి వెళితే అది నా వెనకే వచ్చింది. పుల్ల చూసింది.

"పండగై పది రోజులైంది. ఇది ఇంకా తియ్యలేదేటి? సెట్లన్నీ ఎండిపోతన్నాయి, సుమత్రాలో అడవులు కాలిన పొగ కూడా మొదలైంది. ఒక్క వాన పడితే బాగున్ను."

"మరిసిపోనాను," అన్నాను.

అది నా ముఖం వైపు ఒక క్షణం ఎక్కువ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

జూలై రెండో తారీఖున నిషా వీడియోలో ఫోన్ చేసింది. ముక్కు ఎర్రగా ఉంది. నెత్తి మీద ఉన్ని టోపీ.

"మామ్మా, బ్యాగ్ కట్టేసినాను. రెడీ. ఎనిమిది రోజుల్లో అరవై రాదు లా. ఇక్కడివాళ్ళు అందరూ చెప్పేసారు."

నేను ఎదురు చూసిన మాటే. సంతోషించడానికి నోరు తెరిచాను. సంతోషం మాత్రం రాలేదు. ఊరికే ఏదో అడగాలని, "అయితే రోజూ పొద్దున ఏటి సేస్తన్నావే?" అన్నాను.

"అదే పని. నాలుగున్నరకి లేస్తాను. తలకి లైట్ కట్టుకుంటాను. ఒక్కదాన్నే లిఫ్టు అడుగుదాకా పైకి నడుస్తాను. అక్కడ తెల్ల పలక ఒకటి ఉంటాది మామ్మా. దాని మీద ఎంత పడిందో స్కేలు పెట్టి చూసి, తుడిచేయాలి. రేపటికి ఖాళీగా ఉండాలి కదా. నెల నుంచి తుడవడానికి ఏమీ లేదు." అది నవ్వింది. "అయినా తుడుస్తన్నాను. గుడ్డ పెట్టి, నాలుగు మూలలూ."

"సీకట్లో బయ్యం వెయ్యదా?"

"మొదట వేసింది. ఇప్పుడు అదే నాకు…" మాట కోసం వెతుక్కుంది. "అదే నాకు బాగుంటాది మామ్మా. రోజంతటిలో అదే."

ఫోన్ పెట్టేశాక కాసేపు కుర్చీలోనే ఉన్నాను. నుదుటికి దీపం కట్టుకుని, చీకట్లో ఒక్కదాన్నే, చెట్టు చెట్టుకూ తిరిగి నిన్నటి గిన్నె తుడిచి పెట్టిన రోజులు నాకు కొన్ని వేలు ఉన్నాయి. ఎవరైనా అడిగితే కష్టమనే చెప్పేదాన్ని. నాకు అది బాగుండేదని ఎవరితోనూ అనలేదు.

చీపురు తీసుకుని వాకిలి ఊడ్చాను. ఊడ్చుకుంటూ కుండీ దగ్గరకు వచ్చాను. మిరపకాయ నల్లబడి ముడుచుకుపోయింది. ఉల్లిపాయకు పచ్చగా మొలక వచ్చింది. పుల్ల పీకి, చెత్తతో కలిపి ఎత్తి, చేతులు కడుక్కున్నాను.

మర్నాడు నీలం గడులన్నింటిలో సున్నాలే. ఆ మర్నాడూ సున్నాలే. అయిదో తారీఖు పొద్దున, టీ ఇంకా కాగలేదు, ఏడో తారీఖు గడిలో నాలుగు కనబడింది. ఎనిమిదిలో పదహారు. తొమ్మిదిలో ఇరవై రెండు. కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. అంకెలు కదల్లేదు.

"రుక్మణీ!" అని అరిచాను. "రావే! నలబై రెండు! నలబై రెండు సెంటీమీటర్లు!"

రుక్మణి పళ్ళు తోముకుంటూ పరిగెత్తుకొచ్చింది. బస్సు తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిన ప్రేమ్‌నాథ్, మా వైపు చూడకుండా, "నలబై రెండు కాదు, నలబై ఐదు. ఇప్పుడే మార్చినాడు," అన్నాడు.

ఇద్దరం వాడి వైపు తిరిగాం.

"ఏటలా సూస్తారు? బస్సులో కూకున్నప్పుడు టైం పాస్ అవ్వొద్దా?" అని వాడు చెప్పులేసుకున్నాడు. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "గాలి దక్షిణం నుంచి అంట. అక్కడ దక్షిణం నుంచొస్తే బాగా సలి గాలి. మంచు పొడిగా పడతాది."

"పౌడర్!" అన్నాను నేను.

"ఆఁ, పౌడర్," అన్నాడు వాడు, తప్పించుకోలేక.

ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తిన్నది లేదు. అప్పటికి కొండ అడుగున పద్దెనిమిది ఉంది. దానికి నలభై రెండు కలవాలి. ఏడో తారీఖు సాయంత్రం ఆ గీత పైకి ఎక్కడం మొదలుపెట్టింది. వెయ్యి మీటర్లు, పదకొండు వందలు, పదమూడు వందలు. కొండ అడుగున నిషా పలక ఉన్న చోటు పన్నెండు వందల మీటర్ల ఎత్తున. గీత దాన్ని దాటిపోయింది. అంటే వాన. ఉన్న మంచు కూడా కరిగిపోతుంది.

ప్రేమ్‌నాథ్ హాల్లో అటూ ఇటూ తిరిగాడు. "వాన పడతాది. అంతా పోయింది. సెప్పినానా నేను, కొండల్ని నమ్ముకుంటారా ఎవరైనా!"

"కూకోండి, నేల అరిగిపోతాది," అంది రుక్మణి. "సలిగాలి ఇంకా రాలేదు. మా గది తలుపు తీస్తే ముందు నీళ్ళే కారతాయి. మూసినాకే గడ్డ కడతాది."

అది చెప్పినట్టే అయింది. ఎనిమిదో తారీఖు తెల్లారేసరికి గీత ఆరు వందలకు పడిపోయింది. నిషా రాసిన రిపోర్టు ఆ రోజు చాలా చిన్నది. ముప్ఫై ఒకటి, ఇంకా పడుతూనే ఉంది, తలుపు తియ్యడానికి పార కావలసి వచ్చింది. ఆ పార అన్న మాట దగ్గర నేను గట్టిగా నవ్వేశాను. మా పిల్ల చేతిలో పార!

తొమ్మిదో తారీఖు రోజంతా అది మూడు గంటలకోసారి కొలిచి మాకు మెసేజీ పెట్టింది. నలభై నాలుగు. యాభై ఒకటి. మాకు సాయంత్రం ఆరయ్యేసరికి, అక్కడ రాత్రి పది, ఆఖరి మెసేజీ వచ్చింది. యాభై ఎనిమిది. మంచు ఆగిపోయింది. రేపు పొద్దున కొలిచేదే లెక్క.

రెండు సెంటీమీటర్లు. నా బొటనవేలి కణుపంత కూడా లేదు.

ప్రేమ్‌నాథ్ చెయ్యి చాపి నా ఫోన్ తీసుకున్నాడు. నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అటు పిల్ల "మామ్మా?" అనడం నాకు వినిపించింది.

"పలక సరిగ్గా పెట్టినావా?" అన్నాడు వాడు.

వాడు ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నాన్నా? మీరా?"

"ఆఁ నేనే. గాలికి వంగిపోలేదు గదా? సమంగా ఉందా? సరే. మళ్ళీ పడతాది. గీత ఇంకా కిందే ఉంది, నేను సూసినాను. నువ్వు వేడిగా ఏదైనా తాగి పడుకో. నాలుగున్నరకి లేవాలి గదా."

ఫోన్ నాకు ఇచ్చేసి వాడు బస్సు కడగడానికి వెళ్ళిపోయాడు. బస్సు ఆ పొద్దునే కడిగాడు.

పదో తారీఖు పొద్దున నేను అయిదింటి దాకా ఆగలేదు. నాలుగుంపావుకే లేచి ఫోన్ ముందు కూర్చున్నాను. రుక్మణి నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. ప్రేమ్‌నాథ్ కుర్చీ లాక్కున్నాడు. పేజీ తెరుచుకుంది. "ఉండండి, నేను సదువుతాను," అన్నాను. వాళ్ళు ఆగారు. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవడానికి నా కోసం ఎవరైనా ఆగడం అదే మొదలు.

వేలు పెట్టి, ఒక్కో మాటా పైకి చదివాను. బేస్, డెబ్భై ఒకటి. రాత్రి కొత్తగా పదమూడు. తేలికపాటి, పొడి పౌడర్. ఆకాశం నీలం, గాలి లేదు. పెద్ద లిఫ్టు తొమ్మిదింటికి తిరుగుతుంది. 

"అలామక్!" అని మలాయిలో అరిచి రుక్మణి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ప్రేమ్‌నాథ్ "డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి" అని నాలుగుసార్లు అన్నాడు. ఆ పూట వాడి బస్సు ఎక్కిన నేపాలీ, బంగ్లాదేశీ కూలీలందరికీ ఆ అంకె చెప్పాడట. వాళ్ళు లాటరీ అనుకున్నారట.

సాయంత్రం నిషా వీడియో పంపింది. తెరంతా తెలుపు, అడ్డం తిరుగుతూ, పైకీ కిందికీ. మొదట ఏదీ కనబడదు. కానీ మధ్యలో పిల్ల నవ్వు వినబడుతోంది, ఊపిరి అందక, ఆగి, మళ్ళీ మొదలై. మోకాళ్ళ దాకా తెల్లటి పొడి లేచి దాని వెనక పొగలా ఎగురుతోంది. దాన్ని ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

నాలుగు రోజులు ఆగి నిషాకు నిజం చెప్పేశాను. పుల్ల పాతడం, రెండో మాట అనడం, పండుగయ్యాక పీకకపోవడం, అంతా. చెప్పినంతసేపూ భయమే. దానికి కోపం వస్తుందేమో, ఇక ఫోన్ చెయ్యదేమో అని.

"నేను వచ్చేయాలనుకున్నావా మామ్మా?"

"అనుకున్నాను."

"మరి ఎందుకు పీకేసినావు?"

"నువ్వు తుడుస్తన్నావు గదే. ఏటీ పడకపోయినా."

అటు నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. తరవాత నవ్వింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది. మర్నాటి రిపోర్టు చివర ఒక వాక్యం ఎక్కువ రాసింది. నేను దాన్ని చదివి, తప్పు చదివానేమోనని రుక్మణి చేత కూడా చదివించుకున్నాను. ఈ ఏడు మంచు ఆలస్యమవడానికి కారణం మలేసియాలో ఉన్న మా మామ్మ, ఆవిడ ఇప్పుడు వదిలిపెట్టింది, అందరూ ఆవిడకు థ్యాంక్స్ చెప్పండి. మామ్మ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసింది. కింద ముక్కూ మొహం తెలియని తెల్లవాళ్ళు నలభై మంది నాకు థ్యాంక్స్ చెప్పారు.

ఆగస్టు చివర అది మళ్ళీ ఫోన్ చేసింది. వచ్చే ఏడు కూడా రమ్మన్నారట. ఈసారి ఆ పలక బాధ్యతంతా దానిదేనట. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. నేనేమంటానో అని చూస్తోంది.

"ఒప్పుకున్నావా?"

"ఇంకా లేదు. నిన్ను అడిగి…"

"ఒప్పుకో," అన్నాను. చేతులు చల్లబడ్డాయి, ఎప్పటిలాగే. అయినా అన్నాను.

"అయితే నువ్వు రా మామ్మా! అక్టోబర్ మొదటి వారం దాకా ఇక్కడ మంచు ఉంటాది. నువ్వు చదవడమే కాదు, వచ్చి తొక్కి చూడు."

నాకు అరవై ఏడేళ్ళు. ఓడ గాని విమానం గాని ఎక్కలేదు. కుదరదని చెప్పడానికి నా దగ్గర ఇరవై కారణాలు ఉన్నాయి. మోకాళ్ళు, రక్తపోటు, విమానంలో మరుగుదొడ్డి, దారి తప్పితే నా తెలుగు ఎవరికి అర్థమవుతుంది. ప్రేమ్‌నాథ్ అన్నీ విని, "నేను కూడా వస్తన్నాను గదా, నీ తెలుగు నాకు అర్తమవుతాది," అన్నాడు. వాడు సెలవు అప్పటికే పెట్టేశాడు.

వారం తిరగకుండా నేను ఇమిగ్రేషన్ ఆఫీసులో, టోకెన్ చేత్తో పట్టుకుని, కెమెరా ముందు స్టూలు మీద కూర్చున్నాను. కౌంటర్ వెనక తుదుంగ్ అనే తలగుడ్డ కట్టుకున్న మలాయి పిల్ల నా కార్డు చూసి, దేవుడమ్మ అనే నా పేరును మూడు ముక్కలుగా విరిచి పలికింది. ఫోటో తీసి, చూసుకుని, తల అడ్డంగా ఊపింది.

"మక్చిక్, జాంగాన్ సెన్యుమ్." మక్చిక్ అంటే పెద్దమ్మా అని. నవ్వకూడదట. పాస్‌పోర్టు ఫోటోలో పళ్ళు కనబడకూడదట.

సరేనని పెదాలు బిగించాను. రెండోసారి తీసింది. మళ్ళీ తల ఊపింది. వెనక వరసలో ప్రేమ్‌నాథ్, "అమ్మా, వాళ్ళకి టైం అయిపోతంది," అని గొణుగుతున్నాడు, వాడి గొంతులోనూ నవ్వే.

"ఎక్కడికి మక్చిక్, ఇంత సంతోషంగా?" అని మలాయిలో అడిగింది ఆ పిల్ల.

"సల్జీ," అన్నాను. మంచు. "పౌడర్."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు, అయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత సర్దుకుని మళ్ళీ కెమెరా చూపించింది. నేను నిటారుగా కూర్చున్నాను. నవ్వు ఆపడానికి నాకున్న భయాలన్నింటినీ ఒక్కొక్కటిగా పిలిచాను. విమానం ఊగితేనో అనుకున్నాను. మంచులో జారి పడి తుంటి విరిగితేనో. చలికి గుండె ఆగిపోతేనో. ఇన్నేళ్ళు పిలవకపోయినా నా పక్కలోకి వచ్చి పడుకున్నవి, ఆ పూట ఎంత పిలిచినా ఒక్కటీ పలకలేదు.

"మక్చిక్," అంది ఆ పిల్ల మూడో ఫోటో కూడా చూసుకుని, "మళ్ళీ."